గోల్కొండ యాత్రకు అమ్మాయిలనూ పంపండి

శీతాకాలం రాగానే పాఠశాలలు విహారయాత్రలు తలపెడతాయి. ఆర్మూరు ప్రాంతంలో అవి పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు. ఆ హడావిడిలోనే పిల్లలు తల్లిదండ్రుల సంతకం కోసం ఓ కాగితం తెస్తారు. అందులో హైదరాబాదు పేరు, దాని కింద చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జంతుప్రదర్శనశాల, ట్యాంక్‌బండ్. అన్నీ ఒక్క రోజులోనే!

44వ జాతీయ రహదారి మీద హైదరాబాదు మనకు సుమారు 190 కిలోమీటర్లు. రానూపోనూ ఏడెనిమిది గంటలు బస్సులోనే గడిచిపోతాయి. అందుచేత ఉపాధ్యాయులకు మా మనవి: గోల్కొండ కోట సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల తోటకే ఒక పూట పూర్తిగా కేటాయించండి. సమయం మిగిలితే చార్మినార్ చూడవచ్చు.

ఆ తోటలో నడుస్తూ సుమారు 130 ఏళ్ల నిర్మాణ చరిత్రను కళ్లారా చూడవచ్చు. 1543లో మరణించిన వంశస్థాపకుడు సుల్తాన్ కులీ సమాధి చిన్నది, నిరాడంబరమైనది. ఆయన కుమారుడు జంషీద్ సమాధి ఎనిమిది పలకల కట్టడం. 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించిన ముహమ్మద్ కులీ సమాధి వద్దకు వచ్చేసరికి తల పైకెత్తి చూడవలసిందే. గుమ్మటాల అడుగున చుట్టూ విచ్చుకున్న రేకులను పిల్లలచేత కాగితంపై గీయించండి, గీసినది మరచిపోరు. ఎనిమిది మంది పాలకులలో చివరివాడైన తానాషా మాత్రం అక్కడ లేడు. 1687లో గోల్కొండ పతనమయ్యాక ఆయన దౌలతాబాదులో బందీగా కన్నుమూశాడు. ఎందుకు లేడని పిల్లలు అడిగితే చరిత్ర పాఠం అక్కడే మొదలవుతుంది.

తప్పక ఆగవలసిన మరో చోటు హయాత్ బక్షీ బేగం సమాధి. ఆమె ముహమ్మద్ కులీ కుమార్తె, తరువాతి సుల్తాను భార్య, ఆ తరువాతి సుల్తాను అబ్దుల్లా తల్లి. కుమారుడు పసివాడిగా సింహాసనమెక్కినప్పుడు రాజ్యవ్యవహారాలను నడిపించినది ఆమే. హయాత్‌నగర్‌కు ఆమె పేరే వచ్చింది. ఆమె సమాధి సుల్తానుల సమాధులకు ఏమాత్రం తీసిపోదు. పక్కనే పెద్ద మస్జిద్ ఉంది.

ఈ సమాధిని చూడవలసిన పిల్లలే మన ఇళ్లలో ఆగిపోతున్నారు. అబ్బాయి తెచ్చిన కాగితంపై వెంటనే సంతకం పడుతుంది. అమ్మాయి తెచ్చినది “అబ్బాను అడిగి చెబుతాను” అన్న మాటతో అల్మారాలోకి చేరుతుంది, గడువు దాటాక బయటికి వస్తుంది. రాత్రి ఆలస్యమవుతుందన్న తండ్రి ఆందోళనను మేము తేలికగా తీసుకోము. అయితే ఆ ఆందోళనతో పాఠశాలకు వెళ్లి మాట్లాడవచ్చు కదా! వెంట ఎందరు ఉపాధ్యాయినులు వస్తున్నారు? ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా రావచ్చునా? బస్సు ఫజ్ర్ కాగానే బయలుదేరి, చీకటి పడేసరికి తిరుగుముఖం పట్టగలదా? ఇవన్నీ అడిగి ఏర్పాటు చేయించుకోదగినవే.

జుహర్, అసర్ నమాజులకు ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకోవాలి. ప్రయాణంలో నమాజును తగ్గించి చేసే విధానం పిల్లలకు ఆ రోజే ఆచరణలో తెలుస్తుంది. సమాధుల వద్ద సలాం చెప్పడం, గోడలపై పేర్లు గీకకపోవడం బస్సు ఎక్కకముందే చెప్పండి. ఒక నోటుపుస్తకం, పెన్సిలు, నీళ్ల సీసా, మధ్యాహ్నానికి ఇంటి రొట్టెలు సంచిలో సర్దితే చాలు.