ఉమ్మడి గాయానికి ఒంటరి వైద్యమా?

బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో పాతపేట పేరు పెలోరిన్యో. పోర్చుగీసులో ఆ మాటకు అర్థం, మనుషులను కట్టేసి కొరడాతో కొట్టే స్తంభం. 1549లో వెలసి 1763 దాకా దేశ రాజధానిగా ఉన్న ఈ ఓడరేవులో ఇవాళ ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది ఆఫ్రికా మూలాలున్నవాళ్లే. అట్లాంటిక్ మీదుగా ఓడల్లో కుక్కి తరలించిన సుమారు కోటీ పాతిక లక్షల మంది ఆఫ్రికన్లలో దాదాపు యాభై లక్షల మందిని దించుకున్న దేశం బ్రెజిల్. అమెరికా ఖండాల్లో అందరికంటే ఆలస్యంగా, 1888లో, బానిసత్వాన్ని రద్దు చేసినదీ అదే. ఆ రోజు విడుదలైనవాళ్ల చేతికి సెంటు భూమి దక్కలేదు, పరిహారం అందలేదు, పిల్లలకు బడీ లేదు. వాళ్ల మునిమనవల తరం గురించి ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు పద్దులు తెరుస్తాయి. మానసిక వేదనకు కౌన్సెలింగ్ ఒకటి, ఉపాధికి నైపుణ్య శిక్షణ మరొకటి. ముందు మనసు కుదుటపడాలి, ఆ తర్వాత ఎదగాలి అన్నది ఆ లెక్క. సాల్వడార్ యాభై ఏళ్ల అనుభవం ఈ లెక్క తప్పని చెబుతోంది. ఒక జాతికి జాతినే అవమానించి చేసిన గాయం, ఆ జాతి పిల్లలు తమ పేటలో తమ సంస్థను తామే నడుపుకునే పనిలోనే మానుతుంది.

1974లో కురుజు అనే నల్లవాళ్ల పేటలో ‘ఇలె ఐయె’ అనే కార్నివాల్ బృందం పుట్టింది. ఆనాడు నగరంలో పేరున్న బృందాలు నల్లవాళ్లను తమ వరసల్లో ఆడనిచ్చేవి కావు. అందుకే ఈ యువకులు నల్లవాళ్లకు మాత్రమే చోటున్న బృందాన్ని కట్టి 1975 కార్నివాల్‌లో వీధికెక్కారు. స్థానిక పత్రిక ఒకటి వాళ్లకు ‘జాతివాదులు’ అని ముద్రవేసింది. అది సైనిక పాలన కాలం. ఆఫ్రికా నుంచి వచ్చిన కాందొంబ్లే ఆరాధన జరుపుకోవాలంటే అప్పటికింకా పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ నిబంధన బహియా రాష్ట్రంలో 1976లో గానీ పోలేదు. ఇలె ఐయె పుట్టింది అలాంటి ఒక ఆరాధనా గృహంలోనే. ఆ గృహపు పెద్ద మాయి హిల్డా చొరవతో 1988లో అక్కడే పిల్లల బడి మొదలైంది. ఏటా ఒక ఆఫ్రికన్ దేశమో, ఒక తిరుగుబాటో కార్నివాల్ ఇతివృత్తమవుతుంది. దానికోసం పేట పిల్లలు చరిత్ర చదువుతారు, బట్టలు కుడతారు, డ్రమ్ములు సాధన చేస్తారు. నల్లని రంగును ఎగతాళి చేసే ఊళ్లో ఏటేటా ఒక నల్లజాతి యువతిని సౌందర్యానికి ప్రతినిధిగా నిలబెడతారు. ‘చికిత్స’ అన్న మాట ఇందులో ఎక్కడా వినిపించదు. కానీ అద్దంలో తన ముఖాన్ని చూసుకుని కుంగిపోయే పిల్లకు ఇంతకంటే మంచి వైద్యం ఏముంటుంది?

ఈ ఆత్మగౌరవం పండగతో ముగిసిపోతే నా వాదన నిలవదు. అది అక్కడితో ఆగలేదు. 1992లో సాల్వడార్ యువత దక్షిణాఫ్రికా పోరాటయోధుడు స్టీవ్ బికో పేరుతో ఒక సంస్థ పెట్టి, నల్లజాతి పేద విద్యార్థులను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు సిద్ధం చేయడం మొదలుపెట్టింది. అక్కడ గణితం, భాషలతోపాటు పౌరసత్వం, నల్లజాతి చైతన్యం కూడా ఒక పాఠ్యాంశం. ఇలాంటి సామాజిక కోచింగ్ కేంద్రాలు దేశమంతటా లేచాయి. విశ్వవిద్యాలయ సీట్లలో కోటా కావాలని గొంతెత్తిన ఉద్యమానికి అవీ బలమిచ్చాయి. 2012లో బ్రెజిల్ సుప్రీంకోర్టు కోటాను ఏకగ్రీవంగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన చట్టం సమాఖ్య విశ్వవిద్యాలయాల్లో సగం సీట్లను ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు కేటాయించి, వాటిలో నల్లజాతీయులకు, ఆదివాసులకు జనాభాను బట్టి వాటా పెట్టింది. 2018 నాటికి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో నల్ల, మిశ్రమవర్ణ విద్యార్థులు 50.3 శాతానికి చేరారు. రిజర్వేషన్ల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఇందులో వింతేమీ లేదు. సీటు చట్టం ఇస్తుంది. ‘ఈ సీటు నాది’ అని తలెత్తి కూర్చునే ధైర్యం మాత్రం కురుజు లాంటి పేటల్లోనే తయారవుతుంది.

అభ్యంతరాలున్నాయి, బలమైనవే. వేరుగా సంఘం కట్టుకోవడం చీలిక కాదా అని మొదటి ప్రశ్న. బ్రెజిల్ తనను తాను ‘జాతుల ప్రజాస్వామ్యం’గా చాటుకుంటున్న రోజుల్లోనే కార్నివాల్ బృందాలు నల్లవాళ్లకు తలుపులు మూశాయి. మూసినవాళ్లను వదిలి, బయట నిలబడ్డవాళ్లు వేసుకున్న పందిరిని చీలిక అనడం న్యాయం కాదు. రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సంస్కృతి చివరికి పర్యాటకుల సరుకైపోతుందన్నది అది. 1979లో పెలోరిన్యోలో పుట్టిన ఓలోదుమ్ అనే డ్రమ్ముల బృందం 1990లో అమెరికన్ గాయకుడు పాల్ సైమన్‌తో, 1996లో మైకేల్ జాక్సన్ వీడియోతో ప్రపంచానికి తెలిసింది. అదే దశకంలో పాతపేటను బాగుచేసే పేరుతో ప్రభుత్వం వేలాది పేద నల్లజాతి నివాసులను అక్కడి నుంచి కదిలించింది. డ్రమ్ము మోగింది, వాయించేవాడి ఇల్లు పోయింది. కాబట్టి నేల మీద హక్కు లేని సమాజాభివృద్ధి సగం పనే అని ఒప్పుకోవాలి. కానీ ఆ తప్పు డ్రమ్ముది కాదు, పేటవాళ్లను అడగకుండా పేటను తిరగరాసిన అధికారానిది. ఇక మూడోది: బ్రెజిల్‌లో హత్యకు గురయ్యేవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతులు నల్లజాతీయులే, వాళ్లలోనూ కుర్రవాళ్లే ఎక్కువ. ఏ సంగీత పాఠశాలా తూటాను ఆపలేదు. నిజమే, తూటాను ఆపాల్సింది పోలీసు వ్యవస్థను మార్చగల ప్రభుత్వం. పేట సంస్థలున్నాయి కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. కానీ ఆ మార్పు కోసం నిలదీసే గొంతులు కూడా ఈ సంస్థల్లోంచే వస్తున్నాయి.

ఇక తేలాల్సింది డబ్బు సంగతి. రెండేళ్ల ప్రాజెక్టుకు నిధులిచ్చి, ఎంతమంది కుర్రవాళ్లు నేరాలకు దూరమయ్యారో లెక్క చెప్పమనే దాత, ఆ పిల్లలను ముందే నేరస్థుల జాబితాలో చూస్తున్నాడు. మాయి హిల్డా బడి వాళ్లను వారసులుగా చూసింది. ఆఫ్రికా చరిత్రను, ఆఫ్రో బ్రెజిల్ సంస్కృతిని ప్రతి పాఠశాలలో చెప్పాలని 2003లోనే చట్టం వచ్చింది, అమలు మాత్రం అంతంతమాత్రం. ఆ పాఠం దశాబ్దాలుగా చెబుతున్నవాళ్లు కురుజులోనే ఉన్నారు. ప్రభుత్వ ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే పనిని వాళ్లకు అప్పగించి, దానికి బడ్జెట్‌లో ఏటేటా ఆగని పద్దు రాయాలి.