మనుషులున్న దారే మనకు మంచిది

సైకిలు తొక్కే మగవాళ్లను మంచి దారేదో చెప్పమంటే, 'నరమానవుడు కనబడడు, హాయిగా వెళ్లిపోవచ్చు' అంటారు. సరిగ్గా అక్కడే మన గుండె ఝల్లుమంటుంది! మనకు కావలసింది లారీలు లేని దారి గానీ మనుషులు లేని దారి కాదు.

అరకు సంగతే చూడండి. విశాఖ నుంచి అనంతగిరి మీదుగా వెళ్లే ఘాట్ రోడ్డు చలికాలం సెలవుల్లో కార్లతో కిక్కిరిసిపోతుంది. ఆ దారి వద్దు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న లోయకు బస్సులో చేరి, అక్కణ్ణుంచి ఊళ్లను కలిపే చిన్న రోడ్లమీదకు సైకిలు తిప్పితే వేరే లోకం. చోడి చేలు, నవంబరులో అయితే పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు. తలమీద కట్టెల మోపులతో నడిచే గిరిజన స్త్రీలు ఎదురవుతుంటారు. సంత రోజైతే దారంతా వాళ్లే. నా లెక్కలో అంతకు మించిన భద్రత లేదు.

ఎత్తు ఎక్కలేకపోతే దిగి నడిపించుకెళ్లడమే, అందులో నామోషీ ఏముంది? దిగేటప్పుడే జాగ్రత్త. బ్రేకు అదేపనిగా నొక్కి పట్టకుండా, మలుపు రాకముందే రెండు బ్రేకులూ వేసి వేగం తగ్గించుకోవాలి. చున్నీ నడుముకు బిగించి కట్టాలి సుమా!

ఇక మరుగుదొడ్డి. దాని ఊసెత్తేవాళ్లే లేరు. అందుకే పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లు తాగకుండా కొండలెక్కే ఆడవాళ్లు నాకు తెలుసు. ఫొటోలు దిగడానికి వేదికలు కట్టేవాళ్లు, పది కిలోమీటర్లకొకటి తాళం వేయని మరుగుదొడ్డి కట్టమనండి. తోడెవరూ లేకపోయినా మా సైకిళ్ల మీద మేమే వస్తాం.