ఆఫీసు బల్ల నుంచి: ఆపకుండా చూచే విద్య

మన సంఘంలో ఇంటికొకరైనా కంప్యూటరు కొలువులో ఉన్నారు. జిగణి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి పొద్దున్నే బస్సెక్కే పిల్లలను "ఏం పని నాయనా?" అని అడిగితే, "మీకు తెలియదులెండి" అని దాటవేస్తారు. అంత తెలియరానిదేమీ కాదని చెప్పడానికే ఈ నెల ఈ పేజీ.

కంప్యూటరులో అన్ని పనులమీదా పెత్తనం కెర్నల్ అనే లోపలి ప్రోగ్రాముది. బ్యాంకిలోనో, రైలు టిక్కెట్ల చోటనో ఆ యంత్రం రేయింబవళ్లు నడవాలి. ఎక్కడో నత్తనడక నడిస్తే కారణం కనుక్కోవాలి. ఆపితే జనం పని ఆగుతుంది. పైగా ఆపి మళ్లీ మొదలుపెడితే జబ్బు కనిపించకుండా పోవచ్చు. కనుక నడుస్తూండగానే లోపలికి తొంగి చూడాలి.

లినక్స్ కెర్నల్‌లో ఇందుకున్న సాధనం కెప్రోబ్స్. దాని మూల ఫైలు తెరిస్తే, మన ఆఫీసు నోటుషీటులాగే ఎవరు, ఏ నెలలో, ఏమి మార్చారో తలమీదనే వ్రాసి ఉన్నది. 2002 అక్టోబరులో సృష్టించినవారు ఐ.బి.ఎం.కు చెందిన ఎస్. వంశీకృష్ణ. 2004లో ప్రసన్న పంచముఖి, సుపర్ణా భట్టాచార్యగార్ల చేర్పులు. ముగ్గురి చిరునామాలూ ఆ కంపెనీ భారతదేశ శాఖవే! అదే యేడు అక్టోబరులో వచ్చిన 2.6.9 కూర్పుతో ఇది లినక్స్‌లో చేరింది. ఫైలుమీది పద్దులకు గుమాస్తాలిచ్చే విలువ ఇతరులు ఇవ్వరేమో గాని, నాకు మాత్రం చాలా ముచ్చట వేసింది.

పని తీరు ఇది. చూడదలచిన చోటి ఆజ్ఞకు నకలు తీసి ఉంచుకొని, అసలు స్థానంలో "ఆగు" అనే ఆజ్ఞ పెడతారు. యంత్రం అక్కడికి రాగానే ఆగి, మనమడిగిన వివరం వ్రాసి, నకలు ఆజ్ఞను నడిపి తన దారిన పోతుంది. 2005 నాటి యంత్రాలలో ఈ తతంగానికి పట్టేది సెకనులో పదిలక్షలవ వంతు, లేదా అందులో సగం.

చిక్కెక్కడ వచ్చిందంటే, మొదట్లో అంతటికీ తాళం ఒక్కటే. ఎన్ని ప్రాసెసర్లున్నా ఒక్కొక్కటే వచ్చి వివరం వ్రాయించుకోవాలి. గ్రానైటు లారీలు ఒకే తూకపు కాటా ముందు వరుస కట్టినట్లన్నమాట. రెండు లారీలైతే సరే, ముప్పైరెండైతే? నత్తనడకకు కారణం వెదకబోయిన మనిషే దారికి అడ్డం నిలబడ్డాడు! అంతకంటె కీడు, వచ్చిన లెక్కలను నమ్మడానికి లేదు. జాప్యం యంత్రానిదో, చూచేవాడిదో తేలదు గదా. అయినా మొదటివారిని నేను తప్పు పట్టను. ముందు యంత్రం కూలకుండా ఉండాలి. వేగం తరువాతి మాట.

2005 చివర ఆ తాళాన్ని వివరాలు వ్రాసే దారినుంచి తీసివేశారు. పట్టిక చదివేవారికి తాళం అక్కరలేదు; మార్చేవాడే పాత పద్దును వెంటనే చింపక, చదువుతున్నవారందరూ ముగించేదాకా ఆగుతాడు. ఈ పద్ధతి పేరు ఆర్.సి.యు. పని ముగించి తిరిగి వచ్చేటప్పుడు చూచే ప్రోబులకు 2008లో ఒక్క తాళం పోయి గడికొక తాళం వచ్చింది. 2010లో మసామి హిరమత్సు ఉపాయంతో, వీలున్న చోట "ఆగు"కు బదులు "ఇటు దూకు" అనే ఆజ్ఞ వచ్చి, ఖర్చు ఇంచుమించు పదో వంతుకు దిగింది.

నాకు అన్నింటికంటె నచ్చినది వేరే ఉన్నది. ఒక ప్రోబు పనిలో ఉండగా దాని లోపలే మరొకటి తగిలితే రెండవదాని పని జరపరు. జరపలేదని మాత్రం లెక్క వ్రాస్తారు. "తప్పిపోయినవి ఇన్ని" అనే గడి ప్రతి ప్రోబుకూ ఉన్నది. ఈసారి పిల్లలు "మీకు తెలియదులెండి" అంటే, ఆ గడిలో ఎంత ఉందో అడిగి చూడండి.