ఏజెంటు చేతికి డబ్బు కాదు, బిడ్డ చేతికి పైపు ముక్క ఇవ్వండి

"వెల్డింగు వచ్చినవాడికి ఏ పరీక్షయినా ఒకటే" అనే మాట మన బస్తీలలో తరచు వినిపిస్తుంది. ఈ మాట అబద్ధం. దీనిమీద వ్యాపారం చేసేవారున్నారు. దీనిని నమ్మి అప్పులపాలైన కుటుంబాలూ ఉన్నాయి.

పదవీ విరమణ తరువాత పాస్‌పోర్టు దరఖాస్తులు నింపిపెట్టే పనిలో నా వద్దకు వచ్చిన ఒక యువకుని సంగతి చెబుతాను. గేట్లు, గ్రిల్లుల దుకాణంలో ఏడేళ్లు పనిచేసి, తరువాత ఒక కర్మాగారంలో పైపు వెల్డింగు నేర్చుకున్నాడు. కింది నుంచి పైకి వెల్డు చేయడంలో సర్టిఫికెట్టు కూడా పొందాడు. గల్ఫ్‌లో పైపులైను పని ఉందని ఒక ఏజెంటు చెప్పగా, తల్లి గాజులు కుదువబెట్టి డబ్బు కట్టాడు. అది పైనుంచి కిందికి చేయవలసిన పరీక్ష అని అతనికి పరీక్షా స్థలంలోనే తెలిసింది. మొదటి వరుస అయిన రూట్ పాస్‌లోనే తప్పాడు. "నా చెయ్యి పాత అలవాటు మానలేదు, చాచా" అన్నాడు.

తప్పు ఆ చేతిది కాదు, చెప్పవలసినది చెప్పనివారిది. చమురు, గ్యాసు పైపులైన్లకు విరివిగా వాడే ఎ.పి.ఐ. 1104 ప్రమాణం ప్రకారం వెల్డింగు దిశ మారితే అర్హత పరీక్ష మళ్లీ ఇవ్వవలసిందే. పైపును కదలకుండా బిగిస్తారు. గడియారంలో 12 అంకె స్థానం నుంచి 6 వరకు రెండు వైపులా దిగాలి. ఇందుకు వాడే 6010 వంటి సెల్యులోజ్ పూత ఎలక్ట్రోడ్లను 7018 మాదిరిగా ఓవెన్‌లో ఆరబెట్టరాదు. పూతలో కొంత తేమ ఉండాలి. గ్రిల్లుల దుకాణాలలోని ఎ.సి. ట్రాన్స్‌ఫార్మరుపై 6010 సరిగా నడవదు, డి.సి. మిషన్ కావాలి. చెయ్యి వేగంగా దిగాలి, ఆర్క్ దగ్గరగా ఉండాలి. ఆలస్యమైతే చిట్టెం ముందుకు జారి లోహంలో చిక్కుకుంటుంది.

అంచుల మధ్య సందు సుమారు 1.6 మిల్లీమీటర్లు. అది కాస్త పెరిగితే రంధ్రం పడుతుంది, తగ్గితే లోపలివరకు కరగదు. రూట్ పాస్‌ను గ్రైండ్ చేసి, వేడి తగ్గకముందే, సాధారణంగా 5 నిమిషాల లోపు హాట్ పాస్ వేయాలి. అంచులలో మిగిలిన చిట్టెం అప్పుడే కరిగి పైకి వస్తుంది. ఆ తరువాతనే ఫిల్, క్యాప్. చివరకు కంటితో చూస్తారు. ఎక్స్‌రే తీస్తారు, లేదా జాయింటును పట్టీలుగా కోసి వంచి, విరిచి చూస్తారు. ఇన్ని విషయాలు రెండు రోజుల "ప్రాక్టీసు"తో చేతికి వస్తాయా?

పేదవానికి వారాల తరబడి సాధన చేసే స్థోమత ఎక్కడిదని అడుగుతారు. ఏజెంటుకు కట్టే స్థోమత ఎక్కడినుంచి వచ్చింది? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జి.ఎస్.టి.కి మించరాదు. అంతకు మించి చెల్లించి, రసీదు కూడా అడగని తల్లిదండ్రులు నాకు తెలుసు.

కనుక డబ్బు కట్టకముందే అడగండి: ఏ ప్రమాణం? పైకా, కిందికా? పైపు వ్యాసమెంత? ఏ ఎలక్ట్రోడు? జవాబు కాగితంపై రాయించుకోండి. మైనారిటీ యువతకు నైపుణ్య శిక్షణ ఇస్తున్నామనే అధికారులను కూడా నిలదీయండి. ఎన్ని సర్టిఫికెట్లు పంచారని కాదు. ఒక్కొక్కరిచేత ఎన్ని జాయింట్లు వేయించారు, వాటిలో ఎన్నింటిని కోసి, వంచి చూపించారు అని అడగండి. వంచిన పట్టీలో పగులును తానే చూసిన పిల్లవాడు మరునాడు చెయ్యి సరిచేసుకుంటాడు.

ఆ యువకుడు ఇప్పుడు డి.సి. మిషన్ ఉన్న ఒక షెడ్డులో ప్రతి సాయంత్రం పైపు ముక్కలపై సాధన చేస్తున్నాడు. ముక్కలకు, ఎలక్ట్రోడ్లకు మేము కొందరం చందా వేసుకున్నాము. ఈ పని ముందే చేసి ఉంటే అతని తల్లి గాజులు తాకట్టుకు వెళ్లేవి కావు. అవి ఇంకా ఇంటికి రాలేదు.