జవాబు బాకీ

ఉద్యోగ మెవరి కీయవలయునో నిర్ణయించు స్వాతంత్ర్యము యజమానునకు గలదు. పదిమంది వచ్చినచోట నొక్కరిని గైకొని తొమ్మండుగురిని త్రిప్పి పంపుట యన్యాయము కాదు. కాని, ఆ తొమ్మండుగురికి “మిమ్ము తీసికొనలేదు” అను మాటయైన చెప్పకుండుట యన్యాయము.

నేడు హైదరాబాదులో జరుగుచున్న దిదియే. జిల్లాలనుండి వచ్చి అమీర్‌పేట హాస్టళ్లలో నద్దెలు చెల్లించుచు కొలువుకై వెదకుకొను పట్టభద్రులు ఒకే కంపెనీకి రెండు మూడు మార్లు ఇంటర్వ్యూకు పోవుదురు. “త్వరలో తెలియజేయుదుము” అని చెప్పి పంపుదురు. పిమ్మట జాబు లేదు, ఫోను లేదు. మరియొక నెల యద్దె కట్టవలెనో, ఇంటికి మరలవలెనో, వేరొకచోట దొరకిన చిన్న కొలువు నంగీకరింపవలెనో వారు నిశ్చయించుకొనలేరు. ఊరిలో తలిదండ్రులు “ఏమైనది?” అని యడుగుదురు. ఏమని చెప్పుదురు? యజమానుని మౌనమునకు వెల వీరు చెల్లించుచున్నారు.

దరఖాస్తులు వేలకొలది వచ్చును, అందరికిని వ్రాయు టెట్లని కొంద రందురు. దరఖాస్తులను వడపోయుటకు కంప్యూటరు నుపయోగించువారు ఆ కంప్యూటరుచేతనే రెండు పంక్తుల జాబు పంపింపలేరా? పెక్కుచోట్ల అసలు కారణము వేరు. ఎన్నికైనవాడు పాత కంపెనీలో నోటీసు గడువు ముగించుకొని వచ్చునో రాడో తెలియదు. రానిచో రెండవవాడు కావలయును. ఆ గడువు మూడు నెలలైన నుండవచ్చును. అంతవరకు రెండవవానికి ఔననరు, కాదనరు. ముందుజాగ్రత్త తప్పు గాదు. తెలుపకయే వానిని త్రిశంకుస్వర్గమున నిలుపుట తప్పు. “మీ పేరు రెండవది, ఫలానా తేదీవరకు వేచియుండుడు” అనిన నెవరికి నష్టము?

2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ప్రభుత్వ కార్యాలయములు అర్జీదారునకు 30 దినములలో బదులీయవలెనని విధించినది. ఆ విధి ప్రైవేటు కంపెనీలకు నేరుగా తగులదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర మీ లోపమును కొంత పూరించినది. 25 మందియు నంతకు పైబడియు పనివారు గల సంస్థ, బహిరంగముగా ప్రకటించిన ఉద్యోగమునకై తాను ఇంటర్వ్యూ చేసిన అభ్యర్థికి, ఎన్నిక జరిగినదో లేదో 45 దినములలో తెలుపవలెనను నిబంధన 2026 జనవరి 1 నుండి అక్కడ అమలులోనికి వచ్చినది.

దుకాణముల, వాణిజ్యసంస్థల చట్టమున ఇట్టి నిబంధన చేర్చుట మన రెండు రాష్ట్రముల శాసనసభలకు నసాధ్యము గాదు. చట్టము వచ్చులోపల వాణిజ్యసంఘములే తమ సభ్యులచే నిట్టి నియమ మొప్పింపవలయును. పిలిచి, పరీక్షించి, ఆశ కల్పించినవారికి జవాబు యజమానుడు పడిన బాకీ. దానిని తీర్చుటకు రెండు పంక్తులు చాలును.