ఒత్తిడి తట్టుకోలేడట!

మొన్న సెలవులకి ఊరెళ్ళినప్పుడు సాయంత్రం అందరం వాడరేవు బీచికి వెళ్ళాం. వీకెండ్ వస్తే చాలు ఇప్పుడక్కడ హైదరాబాదు కార్లే. పడవల పక్కన కాస్త ఖాళీ చూసుకుని, ఇసకలో కాలితో గీత గీసి షటిల్ మొదలెట్టాం. సముద్రం గాలిలో షటిల్ ఆడటమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. సముద్రానికి వీపు పెట్టి నిలబడినవాడు మెల్లగా తట్టినా కాక్ రోడ్డుమీద పడుతుంది. గాలికి ఎదురుగా నిలబడినవాడు ఎంత బలంగా బాదినా గీత దాటదు. మా బాబాయి తెలివిగా ఎదురుగాలి వైపు తీసుకుని నన్ను రెండుసార్లు ఓడించాడు. తర్వాత మొక్కజొన్న కండె తింటూ, సందర్భం ఏమీ లేకుండానే ఒక మాటన్నాడు.

"మనోడు శ్రీకాంత్ కూడా ఇంతే అబ్బాయ్. ఆటంతా ఉంది, చివర్లో చేతులెత్తేస్తాడు. ఒత్తిడి తట్టుకోలేడు."

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. ఆఫీసు క్యాంటీన్లో విన్నాను, ఆటో డ్రైవర్ దగ్గర విన్నాను. అంతెందుకు, అచ్చం ఇదే మాట నేనూ ఒకరి గురించి రాశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మన కిదాంబి శ్రీకాంత్ లెక్క తేలుద్దాం.

నేను కోచ్‌ని కాను. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ హాస్టల్ వెనకాల సిమెంటు కోర్టులో ఓడిపోతూ గడిపినవాణ్ణి. కానీ మా వైపు వాళ్ళకి షటిల్ అంటే కాస్త సొంత వ్యవహారం. 2001 లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ పుట్టింది ఇంకొల్లు దగ్గర నాగండ్లలో. చీరాల నుంచి బండి మీద వెళ్ళొచ్చేంత దూరం. ఆయన శిష్యుడు శ్రీకాంత్‌ది గుంటూరు. కాబట్టి అతను గెలిస్తే మనోడు, ఓడితే ఒత్తిడి తట్టుకోలేనోడు.

బాబాయి ఆ మాట అనడానికి కారణం నాకు తెలుసు. 2021 డిసెంబరు 19, ఆదివారం. వర్క్ ఫ్రం హోం రోజులు, నేను ఇంట్లోనే ఉన్నాను. స్పెయిన్‌లోని వెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. మన దేశం నుంచి మగవాళ్ళలో ఆ ఫైనల్ దాకా వెళ్ళిన మొదటివాడు శ్రీకాంత్. అవతల సింగపూర్ కుర్రాడు లో కీన్ యూ. మొదటి గేమ్‌లో మనోడు 9-3 తో ముందున్నాడు. పిన్ని పకోడీలు వేయడానికి లేచింది. ఆ గేమ్ 15-21 తో పోయింది. అంటే అక్కణ్ణుంచి మనోడికి ఆరు పాయింట్లొస్తే అవతలివాడికి పద్దెనిమిది! రెండోది 20-22. బాబాయి టీవీ కట్టేసి బయటికెళ్ళిపోయాడు. ఆ కోపం ఇంకా తగ్గలేదన్నమాట.

సరే, "చివర్లో చేతులెత్తేస్తాడు" అన్నదాన్ని ఒక బగ్ రిపోర్టులా చూద్దాం. బగ్ ఉందంటే అది మళ్ళీ మళ్ళీ కనిపించాలి కదా. స్కోరు 20 దాటాక ఏం చేశాడో చూడండి. 2019 ఇండియా ఓపెన్ ఫైనల్, ఆక్సెల్‌సెన్ మీద రెండో గేమ్ 20-22, ఓటమి. వెల్వా చెప్పాను కదా, 20-22. 2025 నవంబరులో లక్నోలో సయ్యద్ మోదీ టోర్నీ ఫైనల్, హాంకాంగ్ ఆటగాడు జేసన్ గునవాన్ మీద మూడో గేమ్ మళ్ళీ 20-22. మూడు ఫైనళ్ళు, మూడుసార్లూ అదే అంకె. బాబాయిదే కరెక్టు అనిపిస్తుంది.

కానీ రెండో వైపు కూడా చూడాలి. 2017 జూన్, ఇండోనేషియా ఓపెన్ సెమీస్, అవతల అప్పటి ప్రపంచ నంబర్ వన్ సన్ వాన్ హో. మూడో గేమ్ 24-22, గెలుపు. ఆ తర్వాతి వారమే ఆస్ట్రేలియా ఓపెన్ ఫైనల్, అవతల రియో ఒలింపిక్ ఛాంపియన్ చెన్ లాంగ్. మొదటి గేమ్ 22-20, గెలుపు. 2022 మే 15, థామస్ కప్ ఫైనల్, ఇండోనేషియా మీద మనం 2-0 తో ఉన్నాం, ఇతను గెలిస్తే కప్పు మనది. డెబ్భై ఏళ్ళు దాటిన టోర్నీలో భారత్ ఎప్పుడూ ఫైనల్ కూడా ఆడింది లేదు. జొనాథన్ క్రిస్టీ మీద 21-15, 23-21. ఆరోజు బాబాయే వీధిలో అందరికీ స్వీట్లు పంచాడు. అది మాత్రం గుర్తులేదు పెద్దమనిషికి :)

నాకు గుర్తున్న మ్యాచులే ఏరుకున్నాను, నిజమే, దీన్ని ఎవరూ శాంపుల్ అనరు. అయినా 20 దాటాక మూడు గెలిచి మూడు ఓడినవాణ్ణి చివర్లో చేతులెత్తేస్తాడని ఎలా అంటాం? అక్కడ అందరిదీ బొమ్మా బొరుసే.

మరి లోపం లేదా అంటే, ఉంది. వేరే చోట ఉంది.

ఈ స్కోర్లు చూడండి. 2017 సింగపూర్ ఓపెన్ ఫైనల్, మన సాయి ప్రణీత్ మీద: 21-17, 17-21, 12-21. 2018 కామన్వెల్త్ ఫైనల్, లీ చోంగ్ వీ మీద: 21-19, 14-21, 14-21. 2022 కామన్వెల్త్ టీం ఫైనల్, మలేషియా కుర్రాడు ఎన్జీ జే యాంగ్ మీద: 19-21, 21-6, 16-21. కొద్ది రోజులకే అక్కడే సింగిల్స్ సెమీస్, మళ్ళీ అదే కుర్రాడు: 21-13, 19-21, 10-21. థామస్ కప్‌లో రెండు గేముల్లో ఊది పారేసింది కూడా ఈ కుర్రాణ్ణే! లక్నో ఫైనల్: 16-21, 21-8, 20-22.

21-6 కొట్టినవాడు తర్వాతి గేమ్ 16-21 తో ఓడటం ఏంటి? 21-8 తర్వాత ఓటమి ఏంటి? ఇది ఒత్తిడికి భయపడేవాడి స్కోరు కాదు. హాయిగా ఉన్నప్పుడు చెయ్యి జారేవాడి స్కోరు.

వెనకబడినప్పుడు అతని ఆట చూడండి. రియో క్వార్టర్స్, అవతల లిన్ డాన్, అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలున్న మనిషి. మొదటి గేమ్ 6-21. ఇంకొకడైతే బ్యాగు సర్దుకునేవాడు. ఇతను రెండోది 21-11 తో తీసుకుని, మూడోది 18-21 దాకా లాగాడు. వెల్వా సెమీస్‌లో లక్ష్య సేన్ మీద మొదటి గేమ్ పోగొట్టుకుని, తర్వాత రెండూ గెలిచాడు. 2014 జులైలో మెదడువాపుతో అకాడమీ బాత్రూంలో స్పృహ తప్పి పడిపోయి ఆసుపత్రిలో ఉన్నవాడు, అదే ఏడాది నవంబరులో చైనా వెళ్ళి చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ని వరుస గేముల్లో కొట్టాడు. ఈ మనిషికి ఒత్తిడి తెలియదంటారా?

నా మటుకు నాకు తోచిన కారణం అతని ఆటలోనే ఉంది. శ్రీకాంత్ మొదట్లో డబుల్స్ ఆటగాడు. 2011 కామన్వెల్త్ యూత్ గేమ్స్‌లో పతకాలు కూడా డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోనే. సింగిల్స్‌కి మళ్ళించింది గోపీచంద్. డబుల్స్‌లో ర్యాలీ త్వరగా తెగిపోతుంది, ఎగిరి స్మాష్ కొట్టడం, వెంటనే నెట్ దగ్గరికి దూకి ముగించడం. ఆ వేగం సింగిల్స్‌లోకి తెచ్చాడు కాబట్టే 2017 లో ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ నాలుగు సూపర్ సిరీస్‌లు గెలిచి, 2018 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. డెన్మార్క్ ఫైనల్ 21-10, 21-5. ఆరోజు కొట్టిందల్లా గీత మీదే పడింది.

గీత మీద కొట్టేవాడికి గీతకీ అవుట్‌కీ తేడా రెండంగుళాలు. అవతలివాడు తెలివైనవాడైతే ఓడిన గేమ్ తర్వాత ప్లాన్ మారుస్తాడు. కాక్‌ని ఎత్తుగా వెనక్కి లేపుతూ, ర్యాలీ సాగదీస్తూ కూర్చుంటాడు. మనోడు అప్పుడు కూడా తెంపేద్దామనే చూస్తాడు. ఒకటి నెట్‌కి, ఒకటి బయటికి, ఇంకోటి నెట్‌కి, వరుసగా నాలుగైదు పోతాయి. గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచిన రోజుల్లో మన సర్వీసులో తప్పు చేస్తే సర్వీసే పోయేది, పాయింటు పోయేది కాదు. 2006 నుంచి ప్రతి ర్యాలీకీ పాయింటే. గుంపుగా తప్పులు చేసే అలవాటున్నవాడికి ఈ పద్ధతి యముడు.

ఇంకోటి, ఇది నాకు మొన్న బీచిలో తట్టింది. పెద్ద హాళ్ళలో కూడా ఏసీల వల్ల గాలి ఒక వైపు లాగుతుంది. ప్రతి గేమ్‌కీ కోర్టు మారాలి, మూడో గేమ్‌లో 11 దగ్గర మళ్ళీ మారాలి. ఒక పక్కన 21-6 కొట్టినవాడు రెండో పక్కన అదే బలంతో కొడితే అన్నీ బయటపడొచ్చు. ఆ గేమ్ గొప్పతనంలో కొంత వాటా గాలిదే కావచ్చు. మరి 2018 తర్వాత మోకాలు కూడా సరిగా సహకరించలేదు. ఇవన్నీ "ఒత్తిడి" అనే ఒక్క డబ్బాలో పడేస్తే మనకి సుఖం, అంతే.

నా వాదనకి అడ్డం వచ్చేవి లేవని కాదు. థామస్ కప్ సెమీస్‌లో ఆంటన్‌సెన్ మీద మొదటిది గెలిచి, రెండోది 12-21 తో పోగొట్టుకుని కూడా మూడోది గెలిచాడు. 2025 మలేషియా మాస్టర్స్ ఫైనల్ 11-21, 9-21, అందులో జారడానికి ఆధిక్యమే లేదు. కానీ మొత్తం మీద నేను అవతలి కోచ్‌నైతే ఇతను వెనకబడ్డప్పుడే ఎక్కువ భయపడతాను.

ఇక నా సంగతి. మా టీంలో ఒక కుర్రాడున్నాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. పోయినేడాది ఒక రిలీజ్ రాత్రి డేటా మైగ్రేషన్ అడ్డం తిరిగింది. ఆరు గంటలపాటు, క్లయింటు కాల్‌లో అరుస్తుంటే, అతనొక్కడే చల్లగా ఒక్కో ఎర్రర్ విప్పుకుంటూ వచ్చాడు. తెల్లవారుజామున మూడింటికి అంతా పచ్చగా మారింది. బిర్యానీ ఆర్డర్ పెట్టాం. అప్పుడు క్లీనప్ స్క్రిప్టు ఒకటి మిగిలితే, కబుర్లు చెప్తూ దాన్ని వేరే సర్వర్ మీద నడిపేశాడు. బ్యాకప్ ఎక్కించేసరికి పొద్దున పదకొండు.

అప్రైజల్ ఫారంలో నేను రాసిన వాక్యం: "ఒత్తిడిలో పొరపాట్లు చేస్తాడు." రాయడానికి అర నిమిషం పట్టలేదు. రేటింగ్ తగ్గింది, హైక్ నామమాత్రం. అంతకంటే పెద్ద దెబ్బ, ఆ తర్వాత అతనికి ఒక్క రిలీజూ ఇవ్వలేదు. రెండు నెలల క్రితం టీ దగ్గర అడిగాడు, "అన్నా, నాకు రిలీజులెందుకు రావట్లేదు?" అని. ప్లానింగ్ అలా కుదిరిందన్నాను. అబద్ధం.

ఆ ఆరు గంటలు ఒత్తిడి. తప్పు జరిగింది బిర్యానీ ఆర్డర్ పెట్టాక. ఒత్తిడి తట్టుకోలేనివాడికి మందు ఏంటంటే ఒత్తిడి లేని పని ఇవ్వడం, మేం అదే చేశాం. కానీ ఇతనికి కావాల్సింది అది కాదు, అంతా అయిపోయిందనుకున్నాక ఇంకో మనిషి పక్కన కూర్చుని చివరి స్క్రిప్టు చూడటం. పది నిమిషాల పని.

ఈ ఏడాది ఫారం గడువు శుక్రవారం. ఊరి నుంచి వచ్చిన మర్నాడే మేనేజర్ దగ్గరికెళ్ళి, వచ్చే రిలీజు అతనికిద్దాం, పక్కన నేను కూర్చుంటాను అన్నాను. ఆయన లాప్‌టాప్‌లో పాత ఫారం తెరిచి నావైపు తిప్పాడు.

"ఇది రాసింది నువ్వే కదా?"