ఉద్యోగమునకు నాటకము అడ్డమా?

వార్షికోత్సవమునకు నాటకము అనగానే తల్లిదండ్రులలో కొందరు నొసలు చిట్లింతురు. "నాటకము కూడు పెట్టునా, మాస్టారూ?" అని నన్ను సూటిగా అడిగినవారును కలరు. వారి భయము అర్థము లేనిది కాదు. ఒడియా సీమలో తెలుగు చదువుచున్న బిడ్డ పరీక్ష తప్పెనా, రెంటికిని చెడునని వారి వెఱపు. కాని కూడు పెట్టుటకు వృత్తి యొకటి ఉండనే యున్నది. రెండును ఒక్క మనిషియందు ఇముడునా యన్నదే అడుగవలసిన ప్రశ్న.

మనవలె హద్దున నివసించు తెలుగువారి ఊరు బళ్లారి. తెలుగు కన్నడములు రెండును వీధిలో వినబడు చోటు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు అది మైసూరు రాష్ట్రమున చేరెను. 1936 ఏప్రిలు 1వ తేదీ వఱకు మన కొరాపుట్, రాయగడ సీమయు మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనిదే కనుక, మనుషులు కదలకయే హద్దులు కదలుట మనకు క్రొత్త కాదు. ఆ బళ్లారిలో తెలుగు నాటకమును నిలిపినవారు వకీళ్లు! ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు వకీలు. సరస వినోదినీ సభను నెలకొల్పి నాటకములు వ్రాసిరి, వేషములు కట్టిరి. సుమనోరమ సభను నడపిన కోలాచలము శ్రీనివాసరావుగారును వకీలే. ఒక ఊర ఇద్దరు వకీళ్లు, రెండు సమాజములు. వాదించుకొనుటకు కోర్టు చాలకపోయెను కాబోలు!

ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946). పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పగలు న్యాయస్థానమున నిలిచిన ఆ మనిషియే రాత్రి రంగస్థలమున నిలిచెను. తెలుగుననేకాక కన్నడము, ఆంగ్లము, హిందీలయందును నటించెను. స్త్రీల వేషములు స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టెను. మా బాలికలను రిహార్సలుకు పంపుటకు సందేహించువారు ఈ మాట గమనింతురు గాక.

ఇంకను దగ్గఱగా చూతము. రాయగడనుండి రైలు దారిలోనున్న విజయనగరముననే 1892లో గురజాడవారి 'కన్యాశుల్కము' తొలిసారి ప్రదర్శింపబడెను. ఆ నాటకమును జె.వి. సోమయాజులుగారు, వారి తమ్ముడు రమణమూర్తిగారు ఏండ్ల తరబడి ఊరూర ఆడిరి. అన్నగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. డిప్యూటీ కలెక్టరు పదవికి వచ్చిరి. 1980లో 'శంకరాభరణము' వెలువడి దేశమెల్ల వారిని గుర్తించునప్పటికి, కచేరీ పనితోపాటు రంగస్థలమున వారు పండియుండిరి. అంతదాక మనమెందుకు? కొరాపుట్ పల్లెలలో దేశియా నాటకము ఆడువారు సేద్యగాండ్రే. పగలు నాగలి పట్టిన చేతులే రాత్రి వేషము కట్టుకొనును.

నా మనసులోని అసలు సంగతి వేఱు. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, పరీక్షలో తెలుగు వ్రాయుదురు. నలుగురి యెదుట బిగ్గరగా తెలుగు పలుకుటకు వారికి చోటెక్కడ? బజారులో ఒడియా, కచేరీలో ఒడియాయో ఆంగ్లమో. ఇది తప్పని నేననను. ఈ నేల భాష అది, మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను, ఆ భాషలోను నాటకమాడవలెను. కాని తెలుగుకు దొరకు బహిరంగస్థలము వేదిక యొక్కటే. అక్కడ లకార ళకారముల భేదము వెనుక వరుసవానికి వినబడవలెను; పొడవైన వాక్యమును ఊపిరి తెగకుండ చెప్పవలెను; ఎదుటివాడు పలుకునపుడు చెవి యొగ్గి వినవలెను. నేను ఆంధ్రదేశమున శిక్షణ పొందిన దినములలో ఉచ్చారణమునుగూర్చి ఎన్నో పాఠములు వింటిని. ఒక్క నెల రిహార్సలు చేయు పనిలో అవి సగమైనను చేయలేవు.

కావున పెద్దలకే నా విన్నపము. సునాబేడా విమానయంత్రముల కర్మాగారమున, దామన్‌జోడి అల్యూమినా కర్మాగారమున, రాయగడ కాగితపు మిల్లులో, రైల్వేలో పనిచేయు అన్నలారా, బ్యాంకు గుమాస్తాలారా, అక్కలారా! నలువదవ యేట మొదలిడినను నటన అలవడును. కొందఱికి బిడియము వదలుటకే ఒక నాటకము కావలెను. పోనిండు, రెండవ నాటకము ఉన్నది కదా.

రాబోవు ఉత్సవ నాటకమున తాతగారు, అత్తగారు, ప్లీడరు, పోస్టుమాను అను నాలుగు పాత్రలను పిల్లలకీయక నిలిపి యుంచితిని. రిహార్సలు శనివారము సాయంకాలములందు, ఆదివారము మధ్యాహ్నమున జరుగును. పరీక్షల నెలలో ఉండదు. పోస్టుమానుకు మాటలు తక్కువ. క్రొత్తవారు ముందుగా దానిని అడుగవచ్చును.